జమ్మూ ప్రత్యేక రాష్ట్రం: నినాదం ఒకలా, పటం ఇంకోలా

సంక్షిప్తంగా

జమ్మూను కశ్మీర్ నుంచి విడదీసి వేరే రాష్ట్రం చేయాలని ఇక్‌జుట్ జమ్మూ అనే పార్టీ 2020లో రంగంలోకి దిగింది. ఈ డిమాండ్ వెనుక ఉన్న ప్రాంతీయ అసంతృప్తి ఏడు దశాబ్దాల నాటిది, అందులో నిజం కూడా ఉంది. అయితే దానికి హిందూ జాతీయవాదం తోడవడంతో జమ్మూ డివిజన్‌లోని 10 జిల్లాల్లో సుమారు సగం దూరంగా జరిగిపోతున్నాయి. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు రాజ్యాంగం పెద్దగా అడ్డు రాదు. అడ్డు వచ్చేవి జనాభా లెక్కలు, బీజేపీ జాతీయ అవసరాలు.

370 పోయాక పుట్టిన పార్టీ

2019 ఆగస్టు 5న ఆర్టికల్ 370 రద్దయినప్పుడు జమ్మూ మైదాన ప్రాంతంలో హర్షం వ్యక్తమైంది. ఏడాది దాటగానే, 2020 నవంబర్‌లో, అక్కడే ఇక్‌జుట్ జమ్మూ రాజకీయ పార్టీగా మారింది. ఇక్‌జుట్ అంటే ఒక్కతాటిపై ఉన్న, ఏకమైన అని అర్థం. అప్పటిదాకా అది ఒక సామాజిక సంస్థ. నాయకుడు అంకుర్ శర్మ న్యాయవాది. 2018లో ఎనిమిదేళ్ల బాలికపై అత్యాచారం, హత్య జరిగిన కఠువా కేసులో నిందితుల తరఫున వాదించినప్పుడు, ప్రభుత్వ భూముల క్రమబద్ధీకరణకు తెచ్చిన రోష్నీ చట్టంపై హైకోర్టులో పోరాడినప్పుడు ఆయన పేరు జమ్మూ బయట కూడా వినిపించింది.

పార్టీ అడిగింది జమ్మూకు రాష్ట్ర హోదా ఒక్కటే కాదు. కశ్మీర్ లోయను రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేసి, అందులో ఒకదాన్ని 1990లో వలస వెళ్లిపోయిన కశ్మీరీ పండిట్లకు ఇవ్వాలని కూడా అడిగింది. పండిట్ల కోసం ఈ కోరిక కొత్తది కాదు. పండిట్ల సంస్థ పనూన్ కశ్మీర్ 1991 డిసెంబర్‌లో చేసిన తీర్మానంలో జీలం నదికి ఉత్తరాన, తూర్పున ఉన్న భూభాగాన్ని తమకు కేంద్రపాలిత ప్రాంతంగా ఇవ్వాలని కోరింది. ఇక్‌జుట్ జమ్మూ దాన్ని తన డిమాండ్‌తో కలిపింది. ఆ తర్వాత అంకుర్ శర్మ ఏకం సనాతన్ భారత్ దళ్ పేరుతో జమ్మూ హద్దులు దాటి రాజకీయం మొదలుపెట్టారు. ప్రాంతీయ పార్టీగా మొదలై మూడు నాలుగేళ్లకే దేశవ్యాప్త సనాతన నినాదం అందుకోవడం ఆ పార్టీ స్వభావం గురించి కొంత చెబుతుంది.

పార్టీకి ఊపు ఇచ్చింది రోష్నీ వివాదం. 2001లో ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం తెచ్చిన ఈ చట్టం ఉద్దేశం తేలికైనదే. ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్నవారి దగ్గర డబ్బు కట్టించుకుని హక్కులివ్వాలి, వచ్చిన డబ్బుతో విద్యుత్ ప్రాజెక్టులు కట్టాలి. అందుకే దానికి వెలుగు అనే అర్థం వచ్చే పేరు. రూ.25,000 కోట్లు వస్తాయని అంచనా వేస్తే, వసూలైంది రూ.76 కోట్లేనని కాగ్ తేల్చింది. 2018లో గవర్నర్ పాలనలో చట్టాన్ని రద్దు చేశారు. 2020 అక్టోబర్ 9న హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించి సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. జమ్మూ చుట్టుపక్కల ముస్లింలను స్థిరపరచడానికే ఈ చట్టం తెచ్చారని ఇక్‌జుట్ జమ్మూ ఆరోపించింది, దానికి ల్యాండ్ జిహాద్ అని పేరు పెట్టింది.

తీర్పు అమలు మొదలయ్యాక తేలిన విషయం వేరు. క్రమబద్ధీకరణకు ఆమోదం పొందిన భూమిలో అత్యధిక భాగం జమ్మూ డివిజన్‌లోనే ఉంది. లబ్ధిదారుల్లో హిందువులు, శరణార్థుల కుటుంబాలు, చిన్న రైతులు పెద్దసంఖ్యలో ఉన్నారు. చివరికి పాలనా యంత్రాంగమే 2020 డిసెంబర్‌లో హైకోర్టుకు వెళ్లి, సామాన్యులకు మినహాయింపు ఇచ్చేలా తీర్పును సమీక్షించాలని అడగాల్సి వచ్చింది. భూకబ్జా సమస్యను మతం కోణం నుంచి చూస్తే ఏం తప్పిపోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

అలక ఎప్పటిది?

1846 మార్చి 16న కుదిరిన అమృత్‌సర్ ఒప్పందంతో జమ్మూ రాజు గులాబ్ సింగ్ 75 లక్షల నానక్‌షాహీ రూపాయలు చెల్లించి కశ్మీర్‌ను బ్రిటిషర్ల నుంచి పొందాడు. అంటే ఈ సంస్థానం డోగ్రీ మాట్లాడే జమ్మూ డోగ్రాలు కట్టింది. పాలకులు, సైన్యాధికారులు, పెద్ద జాగీర్దార్లు వాళ్లే. 1947-49 మధ్య ఈ వరస తలకిందులైంది. మహారాజా హరిసింగ్ పక్కకు జరిగారు, నేషనల్ కాన్ఫరెన్స్ నాయకుడు షేక్ అబ్దుల్లా చేతికి అధికారం వచ్చింది. 1950 నాటి భూసంస్కరణల చట్టం 182 కనాల్స్, అంటే 22.75 ఎకరాలకు మించిన భూమిని నష్టపరిహారం లేకుండా తీసుకుంది. కశ్మీర్ లోయలో అది పేద రైతుకు విముక్తి. జమ్మూ భూస్వాములకు మాత్రం శ్రీనగర్ తమపై తీర్చుకున్న కక్షలా కనిపించింది.

ఆ కోపం నుంచే జమ్మూ ప్రజా పరిషత్ బలపడింది. 1947 నవంబర్‌లో బలరాజ్ మధోక్ వంటి ఆరెస్సెస్ కార్యకర్తలు స్థాపించిన ఈ పార్టీకి ప్రేమ్‌నాథ్ డోగ్రా నాయకత్వం వహించారు. ఒకే దేశంలో రెండు రాజ్యాంగాలు, రెండు జెండాలు, ఇద్దరు ప్రధానులు చెల్లవంటూ 1952-53లో ఆందోళన నడిపారు. దానికి మద్దతుగా అనుమతి లేకుండా రాష్ట్రంలో అడుగుపెట్టిన శ్యామాప్రసాద్ ముఖర్జీ 1953 మే 11న అరెస్టయ్యారు, జూన్ 23న శ్రీనగర్‌లో నిర్బంధంలోనే మరణించారు. 1963లో పరిషత్, బీజేపీకి మాతృక అయిన జనసంఘ్‌లో కలిసిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రజా పరిషత్ అడిగింది విభజన కాదు, రాష్ట్రం మొత్తం భారతదేశంలో పూర్తిగా విలీనం కావాలని. అదే భావజాలపు కొమ్మ నుంచి వచ్చిన తర్వాతి తరాలు కశ్మీర్ నుంచి విడిపోతామన్నాయి. రెండు డిమాండ్లూ పైకి ఎదురెదురుగా ఉన్నా, శ్రీనగర్ పెత్తనం వద్దన్న భావన రెండింటికీ ఒకటే.

మధ్యలో ప్రాంతీయ అసమానతలపై గజేంద్రగడ్కర్ కమిషన్, సిక్రీ కమిషన్, వజీర్ కమిషన్ వచ్చాయి. ప్రాంతాలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని బలరాజ్ పురి వంటివారు దశాబ్దాల పాటు వాదించారు. ఏదీ గట్టెక్కలేదు. నడిచిందల్లా ఆందోళన చేసి తెచ్చుకోవడం. 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కశ్మీర్‌కు ఇస్తే జమ్మూ రోడ్డెక్కింది, రెండోది వచ్చింది. 2015లో ఎయిమ్స్ విషయంలోనూ అంతే. సాంబా జిల్లా విజయ్‌పూర్‌లో కట్టిన ఎయిమ్స్ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. 2008లో అమర్‌నాథ్ ఆలయ బోర్డుకు కేటాయించిన సుమారు 40 హెక్టార్ల అటవీ భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకున్నప్పుడు జమ్మూ రెండు నెలల పాటు స్తంభించింది. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో బీజేపీ సీట్లు 1 నుంచి 11కు పెరిగాయి.

జమ్మూ మనిషి ముఖ్యమంత్రి కాలేడన్న మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. 2005 నుంచి 2008 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న గులాం నబీ ఆజాద్ డోడా జిల్లావాసి. అది జమ్మూ డివిజన్‌లోనిదే. కొండ జిల్లా ముస్లిం అయిన ఆయన్ను జమ్మూ మనిషిగా లెక్కవేయాలా వద్దా అన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

2002లో ఒకసారి జరిగింది

హిందూ జాతీయవాద వేదిక నుంచి జమ్మూ రాష్ట్రం అడగడం ఇక్‌జుట్ జమ్మూతో మొదలు కాలేదు. 2002లో ఆరెస్సెస్ కురుక్షేత్ర సమావేశంలో జమ్మూను రాష్ట్రంగా, లద్దాఖ్‌ను కేంద్రపాలిత ప్రాంతంగా చేయాలని తీర్మానించింది. విశ్వ హిందూ పరిషత్ ఇంకో అడుగు ముందుకేసి పండిట్లకు నాలుగో భాగం కావాలంది. సంఘ్ దన్నుతో జమ్మూ స్టేట్ మోర్చా ఎన్నికల బరిలోకి దిగింది. అప్పుడు కేంద్రంలో ఉన్నది వాజ్‌పేయి ప్రభుత్వం. రెండేళ్ల ముందే ఉత్తరాఖండ్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లను పుట్టించిన ప్రభుత్వం అది. అయినా జమ్మూ విషయంలో ససేమిరా అంది.

ఎన్నికల్లో మోర్చాకు 1 సీటు, బీజేపీకి 1 సీటు వచ్చాయి. 1996లో బీజేపీ ఒంటరిగా 8 గెలుచుకున్న ప్రాంతమిది. రాష్ట్ర హోదా నినాదం ఓట్లను కూడగట్టలేదు సరికదా, ఉన్న ఓట్లలో కూడా గందరగోళం తెచ్చింది.

బీజేపీ ఎందుకు ఒప్పుకోలేదు? 1950లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఓవెన్ డిక్సన్ తెచ్చిన ప్రతిపాదనల్లో ఈ సంస్థానాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, కశ్మీర్ లోయ వరకే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న ఆలోచన ఉంది. జమ్మూ, లద్దాఖ్‌లను తీసేస్తే మిగిలే కశ్మీర్ దాదాపు పూర్తిగా ముస్లిం ప్రాంతం అవుతుంది. మతం ఆధారంగా గీత గీసినట్టవుతుంది, డిక్సన్ గీతకు ఢిల్లీయే సిరా పోసినట్టవుతుంది. దేశం మొత్తం ఒక్కటని చెప్పే పార్టీకి ఇది మింగుడుపడని విషయం. పైగా జమ్మూ రాష్ట్రంలో బీజేపీకి అధికారం సులువుగా దక్కవచ్చు గానీ, కశ్మీర్‌పై మాట్లాడే హక్కు బలహీనపడుతుంది.

10 జిల్లాల లెక్క

2011 జనాభా లెక్కల ప్రకారం జమ్మూ డివిజన్ జనాభా సుమారు 53.8 లక్షలు, కశ్మీర్ డివిజన్‌ది 68.9 లక్షలు. విస్తీర్ణంలో జమ్మూ పెద్దది: 26,293 చదరపు కిలోమీటర్లు, కశ్మీర్ 15,948. జమ్మూలో హిందువులు సుమారు 62 శాతం, ముస్లింలు 33 శాతం, మిగతావారిలో ఎక్కువమంది సిక్కులు. పైపైన చూస్తే ఇది హిందూ మెజారిటీ రాష్ట్రం అవుతుంది.

జిల్లాలవారీగా చూస్తే బొమ్మ మారిపోతుంది. జమ్మూ, సాంబా, కఠువా, ఉధంపూర్ జిల్లాల్లో హిందువులు 80 శాతానికి పైనే. పూంచ్‌లో ముస్లింలు 90 శాతం, రాంబన్‌లో 70, రాజౌరీలో 60కి పైన, కిష్త్వార్, డోడాల్లో సగానికి కొంచెం ఎక్కువ. వైష్ణోదేవి కొండ ఉన్న రియాసీలో ఇరువైపులా దాదాపు సమానం. తిరుపతి నుంచో వరంగల్ నుంచో కట్రా వెళ్లే యాత్రికుడికి ఇది తెలిసే అవకాశం తక్కువ.

హిందూ మెజారిటీ స్పష్టంగా ఉన్న ఆ నాలుగు జిల్లాల జనాభా కలిపితే సుమారు 30 లక్షలు. మేఘాలయ, మణిపూర్‌లతో సమానం. కాబట్టి చిన్నదైపోతుందన్న అభ్యంతరం నిలవదు. నిలిచే అభ్యంతరం వేరు. ఆ నాలుగు జిల్లాల విస్తీర్ణం డివిజన్‌లో మూడో వంతే. చీనాబ్ నది మీద ఉన్న 690 మెగావాట్ల సలాల్ ప్రాజెక్టు రియాసీలో ఉంది, 900 మెగావాట్ల బగ్లిహార్ రాంబన్‌లో ఉంది, 390 మెగావాట్ల దుల్‌హస్తీ కిష్త్వార్‌లో ఉంది. నిర్మాణంలో ఉన్న పకల్ దుల్, రాత్లే కూడా కిష్త్వార్‌వే. కొత్త రాష్ట్రానికి సొంత ఆదాయం తెచ్చిపెట్టే కరెంటు, ఆ రాష్ట్రంలో చేరడమే వద్దనుకునే కొండల్లోంచి రావాలి.

ఆ కొండవాసులు ఎందుకు వద్దనుకుంటారు? మతం ఒక కారణం. అదొక్కటే కాదు. పూంచ్, రాజౌరీలలో గుజ్జర్లు, బకర్వాల్‌లు, పహాడీలు ఉంటారు. మొఘల్ రోడ్డు వేశాక షోపియాన్ మీదుగా శ్రీనగర్ వాళ్లకు దగ్గరైంది. డోడా, కిష్త్వార్, రాంబన్‌లలో కశ్మీరీ, భద్రవాహీ, కిష్త్వారీ మాట్లాడతారు. డోగ్రీ మైదానం భాష. వీళ్లకు జమ్మూ నగరం మీద ఉన్న ఫిర్యాదు, జమ్మూకు శ్రీనగర్ మీద ఉన్నలాంటిదే: నిధులు, ఆఫీసులు, కాలేజీలు అన్నీ నగరమే లాగేసుకుంటుందని. 2019 ఫిబ్రవరిలో లద్దాఖ్‌ను ప్రత్యేక డివిజన్ చేయగానే చీనాబ్ లోయ (డోడా, కిష్త్వార్, రాంబన్), పీర్ పంజాల్ (పూంచ్, రాజౌరీ) ప్రాంతాలు తమకూ డివిజన్ హోదా ఇవ్వాలన్నాయి. జమ్మూ రాష్ట్రం కావాలని అడగలేదు.

2024 ఎన్నికలు దీన్ని మరోసారి చూపించాయి. పహాడీలకు ఎస్టీ హోదా ఇచ్చినా రాజౌరీ, పూంచ్ జిల్లాల్లోని ఎస్టీ రిజర్వుడు సీట్లలో బీజేపీకి ఒక్కటీ దక్కలేదు. నౌషేరాలో బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిని ఓడించింది నేషనల్ కాన్ఫరెన్స్ (ఎన్‌సీ)కు చెందిన సురీందర్ చౌధరి. జమ్మూ ప్రాంతపు హిందువైన ఆయనే ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి. 90 సీట్ల సభలో ఎన్‌సీకి 42, బీజేపీకి 29 వచ్చాయి. ఆ 29 కూడా జమ్మూ డివిజన్‌వే. ప్రత్యేక రాష్ట్రం పేరుతో వచ్చిన పార్టీకి సభలో చోటే లేదు.

సీట్ల ఫిర్యాదు కూడా మునుపటిలా లేదు. 2019కి ముందు కశ్మీర్‌కు 46, జమ్మూకు 37 సీట్లుండేవి. జస్టిస్ రంజనా దేశాయ్ నేతృత్వంలోని డీలిమిటేషన్ కమిషన్ 2022 మేలో కశ్మీర్‌కు 47, జమ్మూకు 43 చేసింది. రెండు డివిజన్ల జనాభాలో జమ్మూ వాటా సుమారు 44 శాతం, సీట్లలో 48 శాతం. విస్తీర్ణాన్ని, కొండ ప్రాంతాల కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని జమ్మూ సంఘాలు వాదిస్తాయి. ఆ కష్టం ఎక్కువగా ఉన్నది మాత్రం పైన చెప్పుకున్న కొండ జిల్లాల్లోనే.

పంజాబ్, తెలంగాణ, లద్దాఖ్

మత రాజకీయం నుంచి రాష్ట్రం పుట్టిన సందర్భం లేకపోలేదు. ప్రత్యేక పంజాబీ రాష్ట్రం కోరిన పంజాబీ సుబా ఉద్యమంలో మాస్టర్ తారాసింగ్ సిక్కుల గుర్తింపును ముందు పెట్టినంతకాలం ఢిల్లీ కదల్లేదు. సంత్ ఫతేసింగ్ వచ్చి ఇది మతం సంగతి కాదు, పంజాబీ భాష సంగతి అన్నాక డిమాండ్‌కు రాజ్యాంగబద్ధమైన రూపం వచ్చింది. 1966 నవంబర్ 1న పంజాబ్, హర్యానా విడిపోయాయి. జమ్మూకు ఈ దారి కూడా అంత సులువు కాదు. డోగ్రీని 2003లో రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చారు, 2020లో అధికార భాష చేశారు. కానీ పీర్ పంజాల్‌లో గోజ్రీ, పహాడీ ఉన్నాయి.

తెలంగాణలో కథ వేరు. 2001లో టీఆర్ఎస్ పుట్టాక నినాదం నీళ్లు, నిధులు, నియామకాల చుట్టూ తిరిగింది. ఆదిలాబాద్ గోండు, పాతబస్తీ ముస్లిం, కరీంనగర్ రైతు ఎవరి కారణంతో వాళ్లు అందులో చేరడానికి చోటుంది. హైదరాబాద్‌పై గొడవ ఉన్నా, ఏ జిల్లా తెలంగాణదో ఏది కాదో అన్న ప్రశ్న పెద్దగా రాలేదు. జమ్మూలో మొదటి ప్రశ్నే అది.

లద్దాఖ్ ఉదాహరణ ఇంకా దగ్గరది. 1989లో లేహ్‌లో బౌద్ధ సంఘం కశ్మీర్ నుంచి విడిపోవాలని ఉద్యమించింది, ముస్లింలను సామాజికంగా వెలివేసింది కూడా. 2019లో కేంద్రపాలిత హోదా వచ్చింది. అసెంబ్లీ రాలేదు, స్థానికులకు ప్రత్యేక హక్కులిచ్చిన ఆర్టికల్ 35ఎ పోవడంతో భూమికీ ఉద్యోగాలకీ ఉన్న రక్షణ పోయింది. ఆ తర్వాత లేహ్ బౌద్ధులు, కార్గిల్ షియాలు చేతులు కలిపి రాష్ట్ర హోదా, గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చే ఆరో షెడ్యూల్ అడగడం మొదలుపెట్టారు. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో ఆ ఆందోళన హింసగా మారి నలుగురు చనిపోయారు.

చట్టం ఎంతవరకు అడ్డు?

ఆర్టికల్ 3 ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు పార్లమెంట్ సాధారణ మెజారిటీతో జరిగిపోతుంది. రాష్ట్రపతి సిఫార్సు కావాలి, సంబంధిత అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంట్ ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జమ్మూ కశ్మీర్‌కు మాత్రం పాత ఏర్పాటులో అసెంబ్లీ సమ్మతి తప్పనిసరిగా ఉండేది. ఆ రక్షణ కూడా 2019లో పోయింది. అంటే ఈ రోజున జమ్మూను విడదీయడం చట్టపరంగా గతంలో ఎన్నడూ లేనంత సులభం. అయినా జరగలేదు.

2023 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 370 రద్దును, లద్దాఖ్ వేరు కావడాన్ని సమర్థించింది. ఒక రాష్ట్రాన్ని మొత్తంగా కేంద్రపాలిత ప్రాంతంగా దిగజార్చవచ్చా అన్న ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామన్న కేంద్రం హామీని నమోదు చేసుకుంది. ఆ హామీ ఉమ్మడి జమ్మూ కశ్మీర్‌కు సంబంధించినది. 2024 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా మంత్రివర్గం కూడా అదే తీర్మానించింది. తగిన సమయంలో ఇస్తామని కేంద్రం అంటూనే ఉంది. 2025 ఏప్రిల్ 22 పహల్గాం దాడి తర్వాత ఆ సమయం ఇంకా వెనక్కి జరిగింది.

జమ్మూకు కొత్త టెన్షన్

370 పోయాక పాత కోపం తగ్గాలి. తగ్గలేదు, రూపం మార్చుకుంది. 1927లో స్థానికులకే భూమి, ఉద్యోగాలు అన్న నిబంధనను తెచ్చింది మహారాజా హరిసింగ్. పంజాబీలు వచ్చి ఉద్యోగాలు పట్టుకుపోతున్నారన్న డోగ్రాల, పండిట్ల భయమే దానికి కారణం. 35ఎ రూపంలో మిగిలిన ఆ కట్టడి తొలగాక, 2020 డొమిసైల్ (స్థానికత) నిబంధనలతో 15 ఏళ్లు నివసించినవారికి అర్హత వచ్చింది. బయటివారు వచ్చి స్థిరపడాలనుకుంటే మంచు, మిలిటెన్సీ ఉన్న లోయ కంటే రైలు, హైవే ఉన్న జమ్మూ మైదానమే నయం. కాబట్టి ఉద్యోగాలు, ఇసుక, క్వారీలు, మద్యం లైసెన్సులపై మొదట గగ్గోలు పెట్టింది జమ్మూ వ్యాపారులు, యువతే.

దర్బార్ మూవ్ సంగతీ అంతే. 1872 నుంచి చలికాలంలో సచివాలయం శ్రీనగర్ నుంచి జమ్మూకు తరలివచ్చేది. వేల కుటుంబాలు ఆరు నెలలు జమ్మూలో ఖర్చు పెట్టేవి. 2021లో దాన్ని ఆపేశారు. కశ్మీర్ వద్దనే నినాదం వినిపించే బజార్లలోనే కశ్మీరీ గిరాకీ పోయిందని వాపోయారు. 2025లో ఒమర్ ప్రభుత్వం దాన్ని పునరుద్ధరించింది. రాష్ట్రం విడిపోతే ఆ తరలింపు శాశ్వతంగా ఆగిపోతుంది. జమ్మూ రాజధాని అయితే దానికి బదులుగా పన్నెండు నెలల సచివాలయం వస్తుందన్నది మద్దతుదారుల లెక్క.

ఈ అసంతృప్తిని అందుకోవడానికి చిన్న పార్టీలు పుడుతుంటాయి, పెద్ద పార్టీ వాటి నినాదాన్ని తీసుకుని ఆ చిన్న పార్టీని మిగిల్చదు. ప్రజా పరిషత్ జనసంఘ్‌లో కలిసింది, స్టేట్ మోర్చా కనుమరుగైంది. ఇక్‌జుట్ జమ్మూ నాయకుడు దేశవ్యాప్త వేదిక వెతుక్కున్నారు. బీజేపీకి జమ్మూలో 29 మంది ఎమ్మెల్యేలు ఉన్నంతకాలం హిందూ ఓటు కోసం ఇంకో పార్టీకి జాగా తక్కువ. బీజేపీని వదిలి వచ్చే ఓటు నిరుద్యోగం, భూమి, కరెంటు బిల్లుల మీద వస్తే, దాన్ని అందుకునేవాళ్లకు కొండ జిల్లాల ముస్లిం, గుజ్జర్ ఓటు కూడా కావాలి.

తదుపరి జనగణనలో జమ్మూ కశ్మీర్ మంచు ప్రాంతాలకు గణన తేదీ 2026 అక్టోబర్ 1, మిగతా చోట్ల 2027 మార్చి 1. తమ జనాభాను 2011లో తక్కువ చేసి చూపారని జమ్మూ సంఘాలు ఏళ్లుగా అంటున్నాయి. కొత్త అంకెలు జిల్లాలవారీగా బయటికి వచ్చాక రియాసీ ఎటు మొగ్గిందో, డోడా, కిష్త్వార్ ఎక్కడున్నాయో చూసి ఇరువైపులా పటాలు మళ్లీ గీస్తారు. అప్పటిదాకా వాదనంతా 15 ఏళ్ల నాటి లెక్కల మీదే.